ఇల్లు సన్నీవేల్‌లో, మేము న్యూజెర్సీలో: 1958 నాటి ఇంటికి దూరం నుంచి పనులు ఎలా చేయించాలి?

గాజుగోడ

అందరికీ నమస్కారం. ఇది ప్రశ్నో ఏడుపో నాకే తెలీదు. రెండూ అనుకుని చదవండి.

కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో మాకో ఇల్లుంది. 1958లో కట్టింది. జోసెఫ్ ఐక్లర్ కట్టించిన ఇళ్ళలో ఒకటి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: ఈయన దాదాపు 11,000 ఇళ్ళు కట్టించాడు, వాటిలో ఎక్కువ భాగం బే ఏరియాలోనే, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలే. వీధిలోంచి చూస్తే గ్యారేజీ తలుపు, ఒక మూగ గోడ, అంతే. లోపలికి అడుగుపెడితే మండువాలాగా ఆకాశం కనబడే చోటు (ఆట్రియం అంటారు), పెరటివైపు నేల నుంచి కప్పుదాకా గాజు. అటక ఉండదు. దూలాలు, వాటిమీద ఒకదాంట్లో ఒకటి ఇరికించిన చెక్క పలకలు, ఆ పలకల మీదే రూఫ్. లోపల తలెత్తితే కనబడేది కప్పు అడుగుభాగమే. వేడి కూడా గాలి గొట్టాల్లోంచి రాదు. కింద కాంక్రీటులో రాగి గొట్టాలు పోసేశారు, వాటిల్లో వేడినీళ్ళు తిరుగుతాయి. జనవరి పొద్దున్న వట్టికాళ్ళతో ఆ నేలమీద నడిచి కాఫీ తాగడం కోసమే ఆ ఇల్లు కొన్నాననుకోండి.

సరిగ్గా 14 నెలలున్నాం. మావారి ఉద్యోగం ఇటు మారింది. ఇల్లు అద్దెకిచ్చాం, సెప్టెంబరులో వాళ్ళు ఖాళీ చేశారు. వచ్చే జూన్‌లో పెద్దదానికి ఎనిమిదో క్లాసు అయిపోగానే మేము తిరిగి వెళ్ళిపోతాం. ఇల్లు ఎలాగూ ఖాళీగా ఉంది కదా, ఈలోగా పనులన్నీ చేయించేద్దాం అనుకున్నాం. ఈ 'కదా' దగ్గరే మొదలైంది నా టెన్షన్.

ముందు చిన్న పని ఇచ్చి మనిషెలాంటివాడో చూద్దామని ఒక కాంట్రాక్టర్‌కి మూడు పడగ్గదులకు రంగు వెయ్యమని చెప్పాం. పోయిన గురువారం సాయంత్రం ఒక ఫోటో పంపాడు, కింద 'సర్‌ప్రైజ్' అని రాసి. హాల్లో ఒక గోడ పొడవునా లావాన్ చెక్క పలకలుంటాయి. ఎర్రగా, కాస్త గోధుమరంగు కలిసి, అరవై ఏళ్ళ పైచిలుకు ఎవరూ చెయ్యిపెట్టని చెక్క. ఫోటోలో ఆ గోడ తెల్లగా ఉంది. ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత), ఒక కోటు. ఫోన్ చేస్తే, "గది చీకటిగా ఉందండీ, ప్రైమర్ మిగిలింది, వేసేశాం. దీనికి మీరేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

అరుద్దామనుకున్నాను. కానీ ఆ మనిషి గొంతులో మేలు చేశానన్న సంతోషం నిజంగానే ఉంది. అదీ బాధ. మోసం చేస్తే తిట్టొచ్చు, ముచ్చటపడి పాడుచేస్తే ఏమంటాం? నేను కాయితం మీద 'పడగ్గదులకు రంగు' అని రాశాను గానీ 'హాల్లో చెక్క ముట్టుకోవద్దు' అని రాయలేదు. రాయాలని తోచలేదు కూడా. దేవుడి పటానికి రంగెయ్యొద్దని ఏ పెయింటర్‌కైనా ముందుగా చెప్తామా?

ఇప్పుడు అదే మనిషి మిగతా పనికి ఇచ్చిన అంచనా నా ముందుంది. వంటగదిలో సింకు గోడ దగ్గర్నుంచి తీసి మధ్యలో ఐలాండ్‌లోకి, అంటే విడిగా కట్టే గట్టులోకి మార్చడం. హాల్లో, వంటగదిలో కలిపి 16 రీసెస్డ్ లైట్లు, కప్పులోకి దిగిపోయి ఉండేవి. పెరటివైపు గాజులన్నీ తీసేసి వినైల్ (ప్లాస్టిక్) ఫ్రేముల్లో డబుల్ పేన్, అంటే రెండు పొరల గాజు. ఆఫీసు గదిలో పాత 9 అంగుళాల చదరపు పలకలు పీకేసి కొత్త ఫ్లోరింగ్. చివర్లో రూఫ్. పోయిన వారం దాకా ఇవన్నీ నాకు మామూలు పనుల్లాగానే కనబడ్డాయి. గోడ చూశాక ప్రతి వాక్యం మీదా అనుమానమే.

ఆ గోడని మళ్ళీ చెక్కగా చూసే దారుందా? మూడువేల మైళ్ళ దూరంలో కూర్చుని మిగతా పనిని ఎలా కాపలా కాయాలి? అక్కడ స్నేహితులున్నారు, వెళ్ళి చూసొస్తామంటున్నారు. మావారైతే "పని ఆపేసి జూన్‌లో చూద్దాం" అంటున్నారు. ఇలా దూరం నుంచి చేయించినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

సగం_మేస్త్రి

అండీ, నేను బే ఏరియాలో ఎలక్ట్రీషియన్‌ని. ఇలాంటి ఇళ్ళు చాలానే చూశాను. గోడ సంగతి నాకు తెలీదు, తెలిసినవాళ్ళు చెప్తారు. మీ అంచనా కాయితం గురించి మాట్లాడతాను.

ఆ 16 లైట్లు ఎక్కడ దింపుతాడట? మీ కప్పు చెక్క మందం ఒకటిన్నర అంగుళం. దాని పైన ఆకాశం. రీసెస్డ్ లైటుకి పైన డబ్బా పట్టే చోటు కావాలి, అటక ఉన్న ఇంట్లో ఉంటుంది, మీ ఇంట్లో లేదు. కాబట్టి ఆ మనిషి మనసులో ఉన్నది ఏంటంటే, కింద ఒక జిప్సం బోర్డు కప్పు దింపి దానికి లైట్లు పెట్టడం. అంటే మీ దూలాలు సగం, చెక్క కప్పు మొత్తం మాయం. అతను దీన్ని మీకు చెప్పకుండా దాచలేదు. అతని లెక్కలో లైట్లు పెట్టడమంటే అదే. ఒకసారి ఫోన్ చేసి 'కప్పు దింపుతారా?' అని అడగండి, ఏమంటాడో చూడండి.

రెండోది, రూఫ్ చివర్లో అన్నాడు. తలకిందులు. ఈ ఇళ్ళలో రూఫ్ విప్పినప్పుడే మీకు 'అటక' దొరుకుతుంది. కొత్త లైటు పాయింట్లు, ఫ్యాన్లు, ఏవైనా సరే, పలకల పైన పైపులు పరిచి వైర్లు లాగి, దానిమీద ఫోమ్ ఇన్సులేషన్, రూఫ్ వేసేస్తారు. రూఫ్ అయ్యాక ఒక్క పాయింటు కావాలన్నా గోడమీద పైపు వేలాడాల్సిందే. కాబట్టి ముందు లైట్ల ప్లాన్, తర్వాత రూఫ్, ఆ తర్వాత లోపలి పని. వైర్లు కలిపిన జంక్షన్ డబ్బాలు మాత్రం ఫోమ్ కింద పూడ్చనివ్వకండి, విప్పి చూడటానికి వీలుండాలని కోడ్ చెప్తుంది.

రూఫ్ వాళ్ళతో ఇంకోటి, నవ్వకండి. మేకు పొడవు కాయితం మీద రాయించండి. మామూలు ఇళ్ళకి వాడే మేకులు ఇక్కడ కొడితే మొనలు మీ హాల్లోకి దిగుతాయి. ఒకావిడ ఇంట్లో పైకి చూస్తే కప్పంతా ముళ్ళపందిలాగా ఉంది. రూఫర్ తప్పేం లేదంటాడు, పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంది మరి.

సింకు ఐలాండ్‌లోకి అన్నది కూడా చూసుకోండి. డ్రెయిన్ పైపు కోసం కాంక్రీటు కొయ్యాలి. కాంక్రీటులో మీ కాళ్ళని వెచ్చబెట్టే గొట్టాలున్నాయి. బాయిలర్ వేసి, నేల వేడెక్కాక థర్మల్ కెమెరాతో చూస్తే గొట్టాలు గీతల్లాగా కనబడతాయి, సుద్దతో గీసుకుని పని చెయ్యొచ్చు. చేసినవాళ్ళున్నారు. మీరు పక్కన లేనప్పుడు చేయించమని మాత్రం నేననను.

పడగొట్టు_కట్టు

ఇంత తలనొప్పి ఎందుకండీ? అరవై ఏళ్ళ ఇల్లు. పడగొట్టి రెండంతస్తులు వేసుకుంటే ఇన్సులేషన్, వైరింగ్ అన్నీ కొత్తవి. సింగిల్ పేన్ గాజు ఇంట్లో కరెంటు బిల్లు కడుతూ చెక్క గోడ కోసం ఏడవడం నాకర్థం కాదు.

గాజుగోడ

@పడగొట్టు_కట్టు గారూ, మా వీధిలో ఒక అంతస్తే కట్టాలన్న రూలుంది. రూలు లేకపోయినా నేను కట్టను, మా పక్కింటావిడ మంచంమీంచి నా కిటికీ కనబడకుండా ఉండడానికే అలా గీశారు ఆ ఇళ్ళు. బిల్లు మాట నిజమే. ఒప్పుకుంటాను.

@సగం_మేస్త్రి గారూ, ఫోన్ చేసి అడిగాను. "అవును మేడమ్, ఆరు అంగుళాలే దింపుతాం, నీట్‌గా ఉంటుంది" అన్నాడు. ఆరు అంగుళాలే అట.

రెండుగంటలు_ముందు

మీ పోస్టు చదువుతుంటే నా పాత మెయిళ్ళు చదువుతున్నట్టుంది. మాది 1962 ఇల్లు, శాక్రమెంటోలో. నేను అప్పుడు చికాగోలో. ఏడు నెలలు చేయించాను, మధ్యలో మూడుసార్లే వెళ్ళాను. మూడింటిలో రెండు వృథా.

స్నేహితుల సంగతి ముందు. వద్దు. వాళ్ళు మంచివాళ్ళు కాదని కాదు. వెళ్తారు, చుట్టూ చూస్తారు, 'బానే జరుగుతోందిరా' అంటారు. ఏం చూడాలో వాళ్ళకి తెలీదు, తెలిసినా మేస్త్రిని నిలదీయడానికి మొహమాటం. తేడా వస్తే మనకి వాళ్ళని అడగడానికి మొహమాటం. నేను చేసిందేంటంటే, ఇలాంటి ఇళ్ళు తెలిసిన ఒక ఆర్కిటెక్ట్‌ని గంటల లెక్కన పెట్టుకున్నాను. డిజైన్ చెయ్యక్కర్లేదు, నెలకి రెండుసార్లు వెళ్ళి చూసి నాకు ఒక పేజీ రాస్తే చాలన్నాను. కాంట్రాక్టర్ తెచ్చిన మనిషి కాదు, ఆ ఆర్కిటెక్ట్‌కి డబ్బిచ్చేది నేను. ఏడు నెలల్లో నేను పెట్టిన ఖర్చులో అన్నిటికంటే అక్కరకొచ్చింది అదే.

కాంట్రాక్టర్ మోసగాడేమో అన్న భయంతో నేను ఆరు కెమెరాలు పెట్టాను. పిచ్చి పని. కెమెరాలో మనుషులు అటూ ఇటూ నడవడం కనబడుతుంది, ఏం నిర్ణయిస్తున్నారో కనబడదు. దూరం నుంచి చేయించేవాడికి అసలు గండం, మనం లేనప్పుడు నిర్ణయాలు ఆగవు. ఒక తలుపు పిడి, ఒక మూల బద్ద, గాజు ఫ్రేము మందం, ఇలా రోజుకి పది వస్తాయి. ఎదురుగా ఉంటే మనం చెప్తాం. లేకపోతే అక్కడున్నవాడు తనకి అలవాటైనట్టు చేసేస్తాడు. అలవాటైనదంటే మామూలు ఇంటి పద్ధతి. మీ ఇల్లు మామూలు ఇల్లు కాదు. మీ లావాన్ గోడకి జరిగింది అదే, 16 లైట్లూ అదే, వినైల్ ఫ్రేములూ అదే. మీ గాజులు ఇప్పుడు దూలానికీ స్తంభానికీ మధ్య సన్నటి చెక్క బద్దల్లో కూర్చుని ఉంటాయి. వినైల్ పెడితే చుట్టూ నాలుగువైపులా మందంగా తెల్ల పట్టీ వస్తుంది. డబుల్ పేన్ పెట్టించుకోండి, ఫ్రేము సన్నటి అల్యూమినియమో చెక్కో అయ్యేట్టు చూసుకోండి. నేలదాకా దిగే పెద్ద గాజులు ఎలాగూ టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన గాజు) అయి తీరాలి. వాటిని కోసి సరిచెయ్యడం కుదరదు, కొలత తప్పితే మళ్ళీ మొదట్నుంచి చేయించడమే. కొలత తీసుకున్నవాడే ఆర్డరివ్వాలి, మీరు చెప్పిన కొలత మీద ఇస్తే తప్పు మీ నెత్తిన పడుతుంది.

అందుకని చెయ్యాల్సిన పనుల జాబితాకి ముందు, ముట్టుకోకూడనివాటి జాబితా రాయండి. ఫోటోతో సహా. కాంట్రాక్టులో భాగంగా సంతకం చేయించండి. నేను అది ప్రింటు తీసి ప్రతి గది తలుపు మీదా అతికించమన్నాను, ఎందుకంటే సంతకం పెట్టేవాడు ఒకడు, బ్రష్ పట్టుకునేవాడు ఇంకొకడు. సన్నీవేల్ నగరం వాళ్ళ ఐక్లర్ డిజైన్ మార్గదర్శకాలు ఉన్నాయి, దాన్ని కూడా కాంట్రాక్టర్‌కి పంపండి. మనం చెప్తే చాదస్తం, నగరం రాస్తే పద్ధతి.

ఫోటోల విషయంలో నాకు పనికొచ్చిన చిట్కా ఒకటి. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రతి గదిలో నేలమీద నీలం టేపు ముక్కలు అతికించి నంబర్లు వేశాను. పని ముగిసేటప్పుడు ఒక కుర్రాడు ఒకటో నంబరు మీద నిలబడి ఒకటి, రెండో నంబరు మీద నిలబడి ఒకటి, అలా 11 ఫోటోలు తియ్యాలి. రోజూ అదే చోటు, అదే కోణం. నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టిది పెట్టుకుంటే ఏది మారిందో పిల్లలకైనా తెలుస్తుంది. వీడియో కాల్‌లో వాళ్ళు చూపించినవే మనం చూస్తాం. ఫోన్ కూడా రోజూ ఒకే వేళకి పెట్టుకోండి, అక్కడ పని ఆపే ముందు పదిహేను నిమిషాలు. లేకపోతే ఆయన పొద్దున ఏడున్నరకి అడిగే ప్రశ్న మీకు పదిన్నర మీటింగులో వస్తుంది, మీరు 'సరే సరే' అంటారు. నా వంటగది టైల్స్ ఆ 'సరే సరే'లో వచ్చినవే. ఇప్పటికీ చూడలేను.

డబ్బు గురించి త్వరగా చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో ఇంటి పని కాంట్రాక్టుకి అడ్వాన్సు మొత్తంలో 10 శాతం గానీ 1,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అదే. అంతకంటే అడిగితే ఆ అడగడమే మీకు సమాధానం. రాష్ట్ర లైసెన్స్ బోర్డు వెబ్‌సైట్లో కాంట్రాక్టర్ నంబరు కొట్టి చూడండి, లైసెన్సుతో పాటు వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ (పనివాళ్ళకి దెబ్బ తగిలితే ఆదుకునేది) ఉందో లేదో కూడా అక్కడే కనబడుతుంది. పర్మిట్ అతని పేరు మీదే తియ్యాలి. 'ఓనర్ బిల్డర్‌గా మీరే తీసేసుకోండి, తేలిక' అంటే ఒప్పుకోకండి, బాధ్యతంతా మీదవుతుంది, మీరేమో మూడువేల మైళ్ళ దూరంలో. నగరం ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టిన కార్డు ఫోటో వచ్చాకే ఆ విడత డబ్బు. గోడ మూసే ముందు ఇన్‌స్పెక్షన్ అవ్వాలి, మూశాక కాదు. డబ్బిచ్చిన ప్రతిసారీ ఆ కాంట్రాక్టర్ దగ్గరా, సామాను ఇచ్చినవాళ్ళ దగ్గరా లీన్ రిలీజ్ తీసుకోండి, అంటే డబ్బు ముట్టింది, ఇంటి మీద బాకీ హక్కు (లీన్) లేదు అని రాసిచ్చే కాయితం. మీరు కాంట్రాక్టర్‌కి మొత్తం కట్టేసినా, అతను చెక్క కొట్టువాడికి కట్టకపోతే వాడు మీ ఇంటి మీద లీన్ వెయ్యగలడు.

ఇంకోటి, ఇవాళే చెయ్యండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఇల్లు ఖాళీగా ఉందని, పని జరుగుతోందని చెప్పండి. చాలా పాలసీల్లో 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి కవరేజి పోతుంది. మీది సెప్టెంబరు నుంచీ ఖాళీ.

చెక్కపొట్టు

అక్కా, గోడ గురించి నేను చెప్తాను. పాత ఫర్నిచర్ బాగుచెయ్యడం నా పని. టైము ముఖ్యం, అందుకే ముందు చెయ్యాల్సింది చెప్తున్నా: ఆ ప్రైమర్ డబ్బా ఫోటో పంపమనండి. లేబుల్ కనబడాలి.

నీళ్ళతో కలిపే లేటెక్స్ ప్రైమర్ అయితే మన అదృష్టం. అది ముట్టుకుంటే గంటలో ఆరినట్టుంటుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. మీ చెక్క మీద పాత లక్కరో షెల్లాకో ఏదో పూత ఉండే ఉంటుంది, ప్రైమర్ ఆ పూత మీద కూర్చుంది గానీ చెక్క రంధ్రాల్లోకి దిగి ఉండకపోవచ్చు. ఎంత త్వరగా చేస్తే అంత తేలిగ్గా వస్తుంది. షెల్లాక్ ప్రైమర్ అయితే కష్టం. అది ఆల్కహాల్‌కి కరుగుతుంది, కింద పాత పూత కూడా షెల్లాక్ అయితే రెండూ కలిసి కరుగుతాయి, మళ్ళీ పాలిష్ చెయ్యాలి.

ఏదైనా సరే, శాండింగ్ వద్దు. వద్దంటే వద్దు. 'ఏముంది మేడమ్, మెషిన్ పెట్టి గీకేస్తాం' అంటాడు చూడండి. అది ప్లైవుడ్, పైన లావాన్ పొర అట్టముక్క కంటే మందం ఉండదు. రెండు నిమిషాల్లో పొర పోయి కింది జిగురు బయటపడుతుంది. అప్పుడిక పలకలు మార్చడమే. పైగా మీ ఇల్లు 1978కి ముందుది. సీసం కలిపిన రంగులు ఇళ్ళకి నిషేధించింది ఆ సంవత్సరమే. ఆ గోడ మీద, చుట్టూ బద్దల మీద పాత రంగేమైనా ఉంటే పరీక్ష చేయించకుండా దుమ్ము లేపకూడదు. ఒక గదిలో ఆరు చదరపు అడుగులకి మించి పాత రంగు కదిలించే పనికి డబ్బు తీసుకునేవాడికి సీసం పని సర్టిఫికెట్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం రూలు. మీ కాంట్రాక్టర్‌ని అది కూడా అడగండి.

జెల్ రకం స్ట్రిప్పర్ (రంగు ఊడదీసే మందు) తీసుకుని, తలుపు వెనక కనబడని చోట అరచేయంత మేర రాసి, ప్లాస్టిక్ గరిటెతో చెక్క చార వెంబడే తియ్యమనండి. మిథిలీన్ క్లోరైడ్ అనే విషపు రసాయనం ఉన్నవి మామూలు జనానికి అమ్మడం 2019లోనే ఆపేశారు, ఇప్పుడొచ్చేవి నెమ్మది, ఓపిక కావాలి. ఆ ముక్క ఎలా వచ్చిందో ఫోటో చూసి మిగతాది. ఆ పెయింటర్‌తో కాకుండా ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ళని పిలిపించండి.

సగం_మేస్త్రి

ఒకటి మర్చిపోయాను. ఆఫీసు గదిలో 9 అంగుళాల చదరపు పలకలన్నారు, అవీ వాటి కింద నల్ల జిగురూ ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం) అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ల్యాబుకి ఒక ముక్క పంపి పరీక్ష చేయించేదాకా ఎవరినీ పీకనివ్వకండి. పగలకుండా ఉన్నంతకాలం వాటివల్ల గొడవ లేదు, వాటిమీదే కొత్త ఫ్లోరింగ్ వేసుకోవచ్చు. అక్కడ లేనివాళ్ళకి అదే మేలు.

నేల వేడి గొట్టాలు కారుతున్నాయేమో చూసుకోవడానికి: బాయిలర్ ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు వాటంతట అవే నిండే వాల్వు మూసెయ్యండి, ప్రెషర్ మీటరు ఫోటో రాత్రి ఒకటి, పొద్దున ఒకటి. ఆ వాల్వు తెరిచే ఉంటే ఎంత కారినా ముల్లు కదలదు, ఎప్పటికప్పుడు నింపేస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఈ ఫోటోలు తీసిపెట్టుకోండి. తర్వాత ఎవరైనా నేలలో మేకు దించితే, ముందు బాగానే ఉందని మీ దగ్గర రుజువుంటుంది.

గాజుగోడ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అడిగి మాయమైపోయే రకం కాదు నేను.

డబ్బా లేటెక్స్‌దే. @చెక్కపొట్టు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే "మెషిన్ పెట్టి గీకేస్తాం మేడమ్" అన్నాడు, అక్షరం తేడా లేకుండా. వద్దన్నాను. పాలిష్ చేసే ఒక పెద్దాయన దొరికాడు. తలుపు వెనక అరచేయంత చోట తీసి చూపించాడు. చెక్క వచ్చింది. రంధ్రాల్లో అక్కడక్కడా తెల్లటి చుక్కలు మిగిలాయి, దగ్గరికెళ్తే కనబడతాయి, రెండడుగుల దూరం నుంచి కనబడవు. మొత్తం గోడకి తొమ్మిది రోజులు పడుతుందన్నాడు, ఇవాళ మూడో రోజు. పైన దూలం పక్కన ఒక పలక అంచు ఉబ్బింది, అది మార్చాలేమో. పాత రంగు పరీక్ష కూడా చేయించాం: గోడకి లేదు, కిటికీ బద్దలకి సీసం ఉంది. వాటి జోలికి ఇప్పుడు పోవట్లేదు.

ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాను. మా పాలసీలో 60 రోజులు. మాకు దాటిపోయి చాలా రోజులైంది. పని జరుగుతున్న ఖాళీ ఇంటికి వేరే కవరేజి తీసుకున్నాం, మావారు ఆ రాత్రి నిద్రపోలేదు.

సింకు గోడ దగ్గరే ఉంటుంది. ఐలాండ్ వస్తుంది, నీళ్ళు లేకుండా. 16 లైట్లు రద్దు. రూఫ్ ముందుకి జరిగింది, పలకల మీద పైపులు వేసి దూలాల పక్కన నాలుగు పాయింట్లు, ఆట్రియంలో ఒకటి. మేకు పొడవు రాయించాను, రూఫర్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు, వీడియోలోనే తెలిసింది. ఆర్కిటెక్ట్ ఒకావిడ నెలకి రెండుసార్లు వెళ్ళడానికి ఒప్పుకుంది. వెళ్ళిన మొదటిరోజే టేపు ముక్కలు వేసి 13 నంబర్లు పెట్టింది.

కాంట్రాక్టర్‌ని మార్చమని మీలో ఒకరిద్దరు మెసేజ్ చేశారు. మార్చలేదు. మనిషి నిజాయితీపరుడే, లైసెన్సు, ఇన్సూరెన్స్ అన్నీ సరిగ్గా ఉన్నాయి, స్ట్రిప్పింగ్ ఖర్చులో సగం తనే పెట్టుకున్నాడు. ముట్టుకోకూడనివాటి జాబితా 41 ఫోటోలైంది. తలుపులకి అతికించాడు, ఒక ఫోటో తీసి పంపాడు కూడా, ఈసారి 'సర్‌ప్రైజ్' అని రాయలేదు.

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. నా గుండె ఆగినంత పనైంది. అతనే. బాత్‌రూమ్ తలుపు పిడి వదులుగా ఉందట, కొత్తది తన వ్యాన్‌లోనే ఉందట. "జాబితాలో పిడి ఫోటో లేదు మేడమ్, మార్చనా వద్దా?" అని అడిగాడు. పాతదే బిగించమన్నాను.